పదేళ్ల హక్కు: ఆత్రేయపురం పూతరేకుల భౌగోళిక గుర్తింపు, నవీకరణ

వ్యాపార చిహ్నం ఒకసారి నమోదైతే శాశ్వతం కాదు. గడువు తీరినప్పుడల్లా నవీకరించుకోవాలి. భారతదేశంలో 1958 నాటి చట్టం ఈ గడువును ఏడేళ్లుగా నిర్ణయించగా, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం పదేళ్లకు పెంచింది. అదే ఏడాది వచ్చిన భౌగోళిక గుర్తింపుల చట్టమూ పదేళ్లనే స్వీకరించింది. రెండూ 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చాయి. గడువు ఒకటే అయినా హక్కు స్వభావం వేరు. కొత్తపేట నియోజకవర్గంలోని ఆత్రేయపురం పూతరేకులు ఆ భేదానికి నిదర్శనం.

పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండపై పరచి తీస్తే రేకు వస్తుంది. ఈ నేర్పు ఏ ఒక్కరి సొత్తూ కాదు; ఇంటింటా స్త్రీల చేతుల్లో నిలిచినది. కనుకనే 2023లో లభించిన గుర్తింపు సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం పేర నమోదైంది. ట్రేడ్‌మార్కును ఇతరులకు బదలాయించవచ్చు. భౌగోళిక గుర్తింపు బదలాయింపును చట్టం నిషేధిస్తుంది.

నవీకరణలోనూ ఈ భేదమే కీలకం. ట్రేడ్‌మార్కు గడువు మరిస్తే నష్టం దాని యజమానిది. ఇక్కడ అధీకృత వినియోగదారుగా నమోదైన ప్రతి తయారీదారు హక్కూ మూల నమోదుతో ముడిపడి ఉంటుంది. అది ముగిస్తే ఇదీ ముగుస్తుంది. పైగా పదేళ్ల లెక్క ధ్రువపత్రం అందిన నాటి నుంచి కాక, దరఖాస్తు తేదీ నుంచి మొదలవుతుంది. అందువల్ల 2033 వరకు వ్యవధి ఉందనుకోవడం పొరపాటు. గడువు దాటిన ఆరు నెలల్లోపు అదనపు రుసుముతోనూ, ఆపై ఏడాది నిండేలోపు పునరుద్ధరణ దరఖాస్తుతోనూ అవకాశం ఉన్నా, అది పరిమితమే.

గుర్తింపు పొందడం ఆత్రేయపురం చరిత్రలో తొలి ఘట్టం మాత్రమే. గడువును కనిపెట్టుకొని ఉండవలసినది సంఘం. అది తప్పితే నష్టపోయేది కుండ ముందు కూర్చున్న చేతులు.