ఇనుము కరవులో పుట్టే పసుపు ప్రోటీన్

క్లాస్ట్రీడియం పాస్టూరియానం అనే బాక్టీరియాను ఇనుము పుష్కలంగా ఉన్న పోషక ద్రవంలో పెంచితే దాని కణంలో గోధుమరంగు ప్రోటీన్ ఒకటి తయారవుతుంది. అదే బాక్టీరియాకు ఇనుము అందకుండా చేస్తే ఆ ప్రోటీన్ దాదాపు కనుమరుగై, దాని పనినే చేయగల పసుపుపచ్చ ప్రోటీన్ మరొకటి ఆ స్థానంలోకి వస్తుంది. జన్యువులు మారవు, ఏ జన్యువు ఆధారంగా ఎంత ప్రోటీన్ తయారుకావాలన్నదే, అంటే జన్యు వ్యక్తీకరణే, మారుతుంది.

మట్టిలో బతికే ఈ జీవిని 1890లలో వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి, గాలిలోని నత్రజనిని అది స్థిరీకరించగలదని చూపి, పాశ్చర్ పేరు పెట్టాడు. ఆ తరువాత కథ 1960లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఊపందుకుంది. కార్నహాన్, మార్టెన్‌సన్ తదితరులు కణాలను పగలగొట్టి తీసిన రసంలోనే నత్రజని స్థిరీకరణను సాధించి, ఆ రసంలో ఎలక్ట్రాన్లను ఒక ఎంజైము నుంచి మరొక ఎంజైముకు చేరవేస్తున్నదేమిటని వెదకగా, 1962లో వారికీ వాలెంటైన్‌కూ ఆ గోధుమరంగు ప్రోటీన్ దొరికింది. ఇనుము, గంధకం పరమాణువుల గుచ్ఛాలే దాని రంగుకూ పనికీ మూలం. దానికి ఫెరెడాక్సిన్ అని పేరు పెట్టారు. అదే ఏడాది బర్క్‌లీలో టగావా, ఆర్నన్ ఈ బాక్టీరియా ఫెరెడాక్సిన్ పాలకూర ఆకుల్లోని ప్రోటీన్ పనిని చేయగలదని చూపడం ఆ కాలపు గొప్ప ఘట్టాల్లో ఒకటి. వెలుతురు సోకని మట్టిలోని జీవికీ ఎండలో పెరిగే ఆకుకూరకూ మధ్య ఇంతటి బంధుత్వాన్ని అంతకుముందు ఊహించినవారు అరుదు.

1966లో నైట్, హార్డీ ఇనుము తగ్గించి పెంచిన కణాల నుంచి ఫ్లేవోడాక్సిన్ అనే పసుపు ప్రోటీన్‌ను వేరుచేశారు. ఇందులో ఇనుము లేదు. బి2 విటమిన్ నుంచి ఏర్పడే ఫ్లేవిన్ అణువే ఎలక్ట్రాన్లను మోస్తుంది. ఫెరెడాక్సిన్ అణుభారం సుమారు 6,000 కాగా దీనిది సుమారు 15,000. కనుక ఇనుము ఆదా అయినా అమైనో ఆమ్లాల ఖర్చు రెట్టింపు దాటుతుంది. పుష్కలమైన పోషణలో పెంచడమే పరిశోధనశాలల ఆనవాయితీ కావడంతో, కరవులో తప్ప బయటపడని ఇటువంటి సామర్థ్యాలు మరికొన్ని మరుగున ఉండిపోయి ఉండవచ్చు.

ఇటువంటి మార్పిడిని ఆక్సిజన్ కూడా చేయిస్తుంది: ఇ. కోలై బాక్టీరియా గాలి బాగా ఆడినపుడు ఒక సైటోక్రోమ్ ఆక్సిడేజునూ, ఆక్సిజన్ తగ్గినపుడు దానిని మరింత గట్టిగా పట్టుకునే మరొకదానినీ తయారుచేస్తుంది. ఇక ఇనుము విషయానికి వస్తే, అనాబీనా అనే నీలి ఆకుపచ్చ బాక్టీరియాలో ఫ్యూర్ అనే ప్రోటీన్ ఇనుమును పట్టుకొని ఉన్నంతసేపు ఫ్లేవోడాక్సిన్ జన్యువుకు అడ్డుగా కూర్చుంటుంది. ఇనుము కొరవడితే అడ్డు తొలగుతుంది.

నేలమీది మొక్కలు తమ పరిణామ మార్గంలో ఈ జన్యువును పోగొట్టుకున్నాయి. ఇనుము అందని నేలల్లో పచ్చదనం కోల్పోయి పాలిపోయే పైర్లను చూస్తే ఆ నష్టం చిన్నది కాదని తెలుస్తుంది. అర్జెంటీనాలోని రొసారియోకు చెందిన పరిశోధకులు అనాబీనా జన్యువును పొగాకు మొక్కల్లో చేర్చి, ఫ్లేవోడాక్సిన్ హరితరేణువుల్లో పనిచేస్తున్న ఆ మొక్కలు ఇనుము కొరతను మామూలు మొక్కలకన్నా మెరుగ్గా తట్టుకోవడాన్ని 2007లో ప్రకటించారు.