తెలుగు బోర్డు, వీధి సభ: కోర్టులు ఏమన్నాయి

ఉగాదికి వీధిలో పందిరి వేద్దామన్నా, సంఘం గుమ్మానికి తెలుగు బోర్డు కడదామన్నా మనవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు, ‘మన రాష్ట్రం కాదు కదా, ఒప్పుకుంటారా?’ అని. షోలాపూర్‌లో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా రాజ్యాంగం 19వ అధికరణం ఒకటే. భావ ప్రకటన స్వేచ్ఛ, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు పౌరులందరివీ. వాటికి పరిమితులూ ఉన్నాయి.

ముందు బోర్డు సంగతి. మహారాష్ట్రలో అకోలా జిల్లా పాతూరు మున్సిపల్ కౌన్సిల్ భవనం మీద మరాఠీతో పాటు ఉర్దూలోనూ పేరు రాశారు. ఉర్దూ తీసేయాలని ఒక మాజీ కౌన్సిలర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 ఏప్రిల్ 15న జస్టిస్ సుధాంశు ధూలియా, జస్టిస్ కె. వినోద్ చంద్రన్ ఆ అప్పీలు కొట్టేశారు. స్థానిక సంస్థల్లో మరాఠీ వాడి తీరాలని 2022 నాటి చట్టం చెబుతుంది. తోడుగా మరో భాష రాయకూడదని అందులో లేదు. భాష మతం కాదని కూడా కోర్టు స్పష్టం చేసింది. కేసు ఉర్దూదే అయినా ఈ తర్కం తెలుగుకూ పనికొస్తుంది. రెండూ ఎనిమిదో షెడ్యూలు భాషలే. అయితే ఈ తీర్పు చూపించి మున్సిపాలిటీ చేత కొత్తగా తెలుగు బోర్డు పెట్టించలేం. ఉన్నదాన్ని తీసేయమన్నప్పుడు చూపించుకోవచ్చు, అంతే.

దుకాణాల బోర్డులకు ఏ రాష్ట్రం నిబంధన ఆ రాష్ట్రానిదే. కర్ణాటకలో 2024 సవరణ ప్రకారం 60 శాతం కన్నడ ఉండాలి. మిగిలిన చోట తెలుగు రాసుకోవచ్చు. ఆ 60 దగ్గర మాత్రం బేరాలు వద్దు.

ఇక సభలు. అహ్మదాబాద్‌లో వీధి సభకు పోలీసులు అనుమతి నిరాకరించగా హిమ్మత్‌లాల్ షా వేసిన కేసులో 1972లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరపాలో ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చు. వీధుల్లో సభలే వద్దనకూడదు. ఏ ప్రాతిపదికా చెప్పకుండా పోలీసుల ఇష్టానికి వదిలేసిన నిబంధనను కొట్టేసింది. 2020లో షాహీన్‌బాగ్ కేసులో మాత్రం, రోడ్డును నిరవధికంగా ఆక్రమించడం నిరసన హక్కులోకి రాదంది. రెండూ కలిపి చదవాలి. మైకుకు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిషేధం. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చు.

సమస్య వస్తే వినతిపత్రం తెలుగులోనే ఇవ్వచ్చా? 350వ అధికరణం ప్రకారం దేశంలో గానీ, ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వచ్చు. జవాబు తెలుగులో వస్తుందన్న హామీ లేదు కాబట్టి స్థానిక భాషలో ఒక ప్రతి జతచేస్తే పని త్వరగా కదులుతుంది. రెండో ప్రతిపై తేదీతో ముద్ర, సంతకం వేయించుకోండి. నోటిమాటగా ‘కుదరదు’ అంటే కారణం రాసివ్వమనండి. హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే వకీలు మొదట అడిగేది ఆ కాగితమే. పండగకు రెండు రోజుల ముందు అర్జీ పెడితే దానికీ వ్యవధి ఉండదు. నెల ముందే పెట్టండి.