కదిలే నేలపై దిగిన వైమానికుడు

జనగామ వంటి ఊళ్ళలో చదివే మన విద్యార్థులలో సముద్రం చూడనివారే ఎక్కువ. విహారయాత్రకు విశాఖపట్నం పోయినవారు రామకృష్ణా బీచి ఒడ్డున ప్రదర్శనకు ఉంచిన టీయూ-142 విమానాన్ని చూచి, "నావికులకు విమానమెందుకు సార్?" అని అడుగుతుంటారు. అడ్మిరల్ రాధాకృష్ణ హరిరాం తహిల్యానీ జీవితం ఈ ప్రశ్నకు మంచి జవాబు.

ఆయన 1930లో జన్మించి, 1950లో నౌకాదళంలో అధికారి అయినారు. మన మొదటి విమానవాహక నౌక విక్రాంత్ 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్ రేవులో మన నౌకాదళంలో చేరింది. ఆ యేడే మే 18న సీ హాక్ జెట్ విమానాన్ని దానిపై దింపి, ఆ నౌకపై దిగిన మొదటి భారతీయ వైమానికుడైనాడు అప్పటి లెఫ్టినెంటు తహిల్యానీ.

ఇందులో గొప్ప ఏమిటో ఒక లెక్క వేసి చూతాము. విమానం వేగం గంటకు 180 కిలోమీటర్లు, అనగా సెకనుకు 50 మీటర్లు అనుకొందాం. దానిని 60 మీటర్లలో నిలపవలెను. వేగవర్గాన్ని రెండింతల దూరంతో భాగిస్తే వేగం తగ్గవలసిన రేటు వస్తుంది: 2500ను 120తో భాగిస్తే సుమారు 21. ఇది భూమ్యాకర్షణ త్వరణానికి రెండింతలకు పైమాట! అందుకే నౌకను గాలికి ఎదురుగా నడిపిస్తారు. నౌక వేగం, ఎదురుగాలి కలిసి సెకనుకు 15 మీటర్లైతే, నౌకతో పోల్చినప్పుడు విమానానికి మిగిలేది 35 మీటర్లే. ఇప్పుడు జవాబు సుమారు 10. అనగా సగానికి సగం తగ్గినది. సాపేక్షవేగం చెప్పేటప్పుడు రైళ్ళ ఉదాహరణకు బదులు దీనిని నల్లబల్లపై వేయిస్తే పిల్లలకు హుషారుగా ఉంటుంది.

విమానం తోకవద్ద ఒక కొక్కెం ఉంటుంది. అది నౌకపై అడ్డంగా కట్టిన ఉక్కుతీగలలో ఒకదానిని పట్టుకోవలెను. తీగ సాగుతున్నకొద్దీ క్రింది అంతస్తులోని గొట్టాలలో ద్రవం సన్నని దారిగుండా నెట్టబడి, విమానపు శక్తి వేడిగా మారిపోతుంది. కాని కొక్కెం తప్పిపోతే? ఇక్కడే వింత. చక్రాలు తాకగానే వైమానికుడు ఇంజినును అణచడు, పూర్తిగా పెంచుతాడు! తీగ దొరకకపోతే మరల ఎగిరిపోవలెను గదా. పూర్వం ఎదుట నిలిపిన విమానాలను గుద్దుకొనే ప్రమాదముండేది. 1951లో బ్రిటిషు నౌకాధికారి డెనిస్ క్యాంబెల్ దిగే బాటను నౌకకు కొంచెం ఏటవాలుగా త్రిప్పమన్నాడు. ఆ చిన్న కోణం ఎన్ని ప్రాణాలు కాపాడినదో! విక్రాంత్‌కు ఆ ఏటవాలు బాట ఉండెను.

1971లో ఆ విక్రాంత్‌ను వెదకుతూ వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ ఎదుట మునిగినది. డిసెంబరు 4న విక్రాంత్ నుండి ఎగిరిన సీ హాక్‌లు కాక్స్‌బజారుపై దాడి చేసినవి. ఒడ్డున విమానాశ్రయం లేనిచోటికి నౌకే విమానాశ్రయాన్ని మోసుకొనిపోయినది. విద్యార్థుల ప్రశ్నకు జవాబు ఇదే.

తరువాత తహిల్యానీ అదే విక్రాంత్‌కు అధిపతి అయినారు. ఒకనాడు తాను దిగిన నౌకను, మరొకరు దిగుటకై గాలికెదురు త్రిప్పే బాధ్యత తనదైనది. పదవులన్నిటిలో నాకు ఇదే ముచ్చటగా తోస్తుంది. 1984 డిసెంబరు నుండి 1987 నవంబరు వరకు నౌకాదళ ప్రధానాధిపతి. ఆ పదవికి వచ్చిన మొదటి నౌకా వైమానికుడాయనే. రెండవ వాహక నౌక విరాట్ 1987 మేలో ఆయన హయాంలోనే చేరింది. 1990 నుండి 1994 వరకు సిక్కిం గవర్నరుగా ఉన్నారు. 2015లో మరణించినారు.

పాత విక్రాంత్‌ను విడగొట్టేశారు. 2022లో అదే పేరుతో, మన దేశంలోనే కట్టిన నౌక చేరింది. 2023 ఫిబ్రవరి 6న తేజస్ నౌకాదళ నమూనా దానిపై దిగింది, కొక్కెంతో తీగను పట్టుకొనియే.