నలభై దాటాక ఓపిక లేదా? హార్మోన్లనూ చూపించుకోండి

అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్‌కు పనికెళ్లే వారైనా, ఇల్లు చూసుకునే వారైనా నలభై దాటాక “ఓపిక ఉండట్లేదు, ఊరికే కోపం వస్తోంది” అంటుంటారు. వయసు వల్లేనని వదిలేయకండి. హార్మోన్ల తేడా కావచ్చు.

ఆడవారిలో: సాధారణంగా 45-55 ఏళ్ల మధ్య నెలసరి ఆగిపోతుంది. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఈస్ట్రోజన్ హెచ్చుతగ్గులవుతుంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, చిరాకు కనిపిస్తాయి. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ అంటారు. ఆ తర్వాత మళ్లీ రక్తం కనబడితే సిగ్గుపడకుండా వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

మగవారిలో: టెస్టోస్టిరాన్ నెమ్మదిగా తగ్గుతుంది. బరువు, షుగర్ ఉంటే ఇంకా తగ్గుతుంది. సొంతంగా ఇంజెక్షన్లు వాడొద్దు.

థైరాయిడ్: ఈ హార్మోన్ తగ్గితే నీరసం, బరువు పెరగడం, మలబద్ధకం, దిగులు వస్తాయి. టీఎస్‌హెచ్ రక్తపరీక్షతో తెలుస్తుంది. రక్తహీనత, షుగర్ ఉన్నా నీరసమే కాబట్టి ఆ పరీక్షలూ చేయించాలి.

రంజాన్‌లో మాత్ర ఎప్పుడు?: థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి. ఉపవాసాల్లో సహరీకి అరగంట ముందు గానీ, రాత్రి భోజనమైన 3 గంటలకు గానీ వేసుకోవచ్చు. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. మాత్ర మానేయకండి, ముందుగా డాక్టర్‌ను అడగండి.

దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం. ఇంట్లో అమ్మీ ఊరికే విసుక్కుంటుంటే మాట అనకండి, పరీక్షకు తీసుకెళ్లండి.