కావేరి నుండి పావగడ దాక: విద్యుచ్ఛక్తికి ప్రజాధనము

బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905 ఆగస్టు 5వ తేదీన. అంతకు మూడేండ్ల ముందే, 1902 జూన్ 30న, అదే విద్యుత్తు కోలారు బంగారు గనులను చేరియుండెను. మైసూరు సంస్థాన పరిపాలనకు కేంద్రమైన నగరము చీకటిలో నుండగా గనులకు ముందుగా కరెంటు పోవుటకు కారణము లెక్కల పుస్తకములలో నున్నది.

తరుగని వనరుల నుండి పుట్టు శక్తిని నేడు పునరుత్పాదక శక్తి యనుచున్నారు. ఆ పేరు పుట్టకముందే కావేరీ జలపాతము వద్ద, శివసముద్రమున, మైసూరు ప్రభుత్వము అట్టి శక్తికి తన ధనమును పెట్టుబడిగా పెట్టెను. దివాను శేషాద్రి అయ్యరు కాలమున, రాయల్ ఇంజనీర్ల దళమునకు చెందిన జాలీ ది లాట్‌బినియర్ ఈ పథకమును నడపెను. అతడు ఐరోపా, అమెరికాలు తిరిగి యంత్రములను పరిశీలించి వచ్చెను. విద్యుద్యంత్రములు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ నుండి వచ్చినవి. శివసముద్రము నుండి కోలారు గనులకు దూరము 92 మైళ్లు. అంత దూరము విద్యుత్తును తీసికొనిపోయిన తీగలు నాడు ప్రపంచమున మిక్కిలి అరుదు.

ఇట్టి సాహసమునకు ఖజానా ఎట్లు ఒడిగట్టెను? గనులలోని ఆవిరి యంత్రములకు కట్టెలు, బొగ్గు నిరంతరము కొని తెచ్చుకొనవలసి యుండెను. కనుక జాన్ టేలర్ సంస్థ నిర్వహణలోని గనుల కంపెనీలు విద్యుత్తు కొనుటకు ముందే ఒప్పందము చేసికొనినవి. కొనువాడు నిశ్చయమైన పిమ్మటనే ధనము వెచ్చింపబడినది. నష్టభయము ప్రభుత్వమునిదే, రాబడియు ప్రభుత్వమునిదే. శేషాద్రి అయ్యరు మాత్రము ఆ ఫలమును చూడలేదు, 1901లోనే గతించెను.

వేసవిలో కావేరి సన్నగిల్లినపుడు విద్యుత్తు కుంటుపడుచుండెను. 1909లో ప్రధాన ఇంజనీరుగా వచ్చిన మోక్షగుండము విశ్వేశ్వరయ్య కృష్ణరాజసాగరమునకు అనుమతి కోరినపుడు, అంత వ్యయమా యని ఆర్థిక శాఖ ఆక్షేపించెను. పొలములకు నీరు పారుటతోబాటు గనులకు అదనపు విద్యుత్తును అమ్మవచ్చునను వాదము ఆయనకు బలమైనది. 1911లో పని ఆరంభమయ్యెను. పూర్వులు మోక్షగుండమను తెలుగు గ్రామమువారగుటచే తెలుగు సంఘములన్నిటను ఆయన పటము కానవచ్చును. ఆయన కట్టిన ఆనకట్టను తలచినంతగా, ఆయన వేసిన లెక్కను మనవారు తలచుట లేదు.

స్వాతంత్ర్యానంతరము పద్ధతి మారినది. 1982లో కేంద్రమున సంప్రదాయేతర శక్తి వనరుల శాఖ, 1987లో అప్పులిచ్చుటకు ఇరెడా ఏర్పడినవి. ప్రభుత్వము తాను కట్టుట తగ్గించి, కట్టువానికి పన్ను విడిచిపెట్టుట మొదలిడెను. లాభము గల వ్యాపారి గాలిమరను నెలకొల్పినచో, దాని వెలను త్వరితముగా తరుగు క్రింద వ్రాసికొని ఆ మేరకు పన్ను తగ్గించుకొనవచ్చును. 1990 దశకమున ఈ తరుగు నూటికి నూరు, పిదప 80, 2017 ఏప్రిల్ నుండి 40. ఇందు లోపమొకటి కలదు. మర తిరిగినను తిరుగకున్నను రాయితీ దక్కును! దీనిని సరిదిద్దుటకే 2009 డిసెంబరులో, త్వరిత తరుగును కోరనివారికి, పుట్టించిన ప్రతి యూనిట్టుకు అర్ధరూపాయి ఇచ్చు పద్ధతి వచ్చెను.

పన్ను కట్టునంత ఆదాయము లేనివానికి ఈ తరుగు లెక్కతో పనిలేదు. అట్టివారికి అక్కరకు వచ్చినది వడ్డీ తగ్గింపు. 2003లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము, బెంగుళూరు కేంద్రముగా గల కెనరా బ్యాంకు, నాటి సిండికేట్ బ్యాంకులతో కూడి, కర్ణాటక కేరళములలో ఇండ్ల సౌర దీపములకు అప్పులిప్పించెను. సుమారు 12 శాతముండిన వడ్డీ మొదట 5 శాతమునకు దిగినది. అలవాటు పడినకొలది ఆ సహాయమును క్రమముగా తగ్గించిరి. బెంగుళూరులో సూర్యరశ్మితో నీరు కాచుకొను గృహస్థులకు విద్యుత్ బిల్లులో యూనిట్టుకు 50 పైసలు, నెలకు 50 రూపాయలకు మించకుండ తగ్గించు ఏర్పాటును చేసిరి. చిన్న మొత్తమే, కాని మిద్దెలపై తొట్లు బారులు తీరుటలో దానికిని పాలు కలదు.

ఇక పావగడ. తుమకూరు జిల్లాలో చేరినను దాదాపు చుట్టును అనంతపురము సీమయే. తిరుమణి, రాయచర్లు, క్యాతగానచర్లు అను ఊళ్ల పేర్లే అచటి భాషను చెప్పుచున్నవి. వానలు తప్పిన ఆ మెట్టభూములలో 13,000 ఎకరములపై 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రము 2019 చివరకు పూర్తియైనది. కేంద్ర రాష్ట్ర సంస్థలు కలసి 2015లో స్థాపించిన, బెంగుళూరు కేంద్రముగా గల సంస్థ దీనిని నిర్వహించుచున్నది. సౌర క్షేత్రములకు కేంద్రము మెగావాట్టుకు 20 లక్షల రూపాయల వరకు సహాయము ప్రకటించెను. ప్రభుత్వము దారులు, తీగలు, ఉపకేంద్రములు సమకూర్చగా, ఫలకములను కంపెనీలు నిలిపినవి.

భూమిని కొనక కౌలుకు తీసికొనుట ఇందలి విశేషము. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకమారు 5 శాతము పెంపు. వేరుసెనగ వేసి ఆకాశము వంక చూచిన రైతునకు ఇది నిలకడైన రాబడి. హక్కు చేయి జారలేదు. ఈ మేరకు దీనిని మెచ్చుకొనవలసినదే. అయితే ఆ పొలములలో కలుపు తీసి, కాయ కోసి, గొఱ్ఱెలు మేపి బ్రతికినవారి పేర్లు కౌలు పత్రములలో లేవు. గడ్డి కోయుట, ఫలకములు తుడుచుట, కావలి కాయుట వంటి పనులు కొందరికే దొరకినవి. తక్కినవారిలో పలువురు కూలికై పట్టణముల దారి పట్టిరి.