స్టెప్నీ లేని ట్రైలర్, మూడు జర్మన్ డబ్బాలు

పోయిన జనవరిలో కచ్ రణ్ అంచున ఒక పగలంతా రోడ్డు కాని రోడ్డు మీద కూర్చోవాల్సొచ్చింది. నేనూ, శీనుగాడూ, వాడి బావమరిది ప్రసాదూ. బండి సెకండ్ హ్యాండ్ థార్. వెనకాల మేమే గీసి, మా పేట వెల్డింగ్ షాపులో చేయించుకున్న ట్రైలర్. (దాని రిజిస్ట్రేషన్ కోసం తిరిగిన తిరుగుడు వేరే రామాయణం, ఇప్పుడొద్దు.) బండికి 16 అంగుళాల చక్రాలు. ట్రైలర్‌కి మాత్రం ఒక చిన్న కారుకి వాడి తీసేసిన 13 అంగుళాలవి. "తిరిగేది చక్రమేగా, దేనిదైతే ఏంట్రా" అని ఆ సలహా ఇచ్చింది నేనే. ఇంజనీరింగ్ చదివిన వాణ్ణి కదా మరి.

ఎడమ టైరు పేలింది. పేలడమే కాదు, రాయి తగిలి రిమ్ము కూడా వంగింది. థార్ స్టెప్నీ ఉంది కానీ ట్రైలర్‌కి పట్టదు, బోల్టులే కలవవు. ట్రైలర్‌ని అక్కడే వదిలేసి వెళ్దామంటే అందులో మా సంసారమంతా ఉంది. 200 లీటర్ల నీళ్ళ డ్రమ్ము, ఫ్రిజ్, రెండో బ్యాటరీ, సోలార్ పలక, రెండు స్టవ్వులు, మడత మంచాలు, షవర్ పంపు. చివరికి ప్రసాద్ ఒక్కడే బండేసుకుని టైరు, రిమ్ము వెతకడానికి వెళ్ళాడు. మేమిద్దరం కాపలా.

మధ్యాహ్నానికి గేదెలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో ఒక కర్ర, భుజాన ఒక దుప్పటి, చిన్న నీళ్ళ డబ్బా. ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగి "ఎన్ని రోజులుంటారు?" అన్నాడు హిందీలో. "నాలుగు రోజులు చాచా" అన్నాను. ఆయన డ్రమ్ము వైపు చూసి, మా వైపు చూసి, చాలా మర్యాదగా అడిగాడు, "పెళ్ళివారు వెనకాల వస్తున్నారా?" అని :)

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తిరిగొచ్చాక, ఈ బళ్ళు కట్టుకుని ఎడారుల్లోకి వెళ్ళడం అనే పిచ్చి ఎప్పుడు మొదలైంది, మొదట్లో వెళ్ళినవాళ్ళు ఏం తీసుకెళ్ళారు అని చదవడం మొదలెట్టాను. ఆఫీసులో బిల్డ్ నడుస్తున్నప్పుడు కొంత, రాత్రుళ్ళు కొంత. చదివినకొద్దీ మా ట్రైలర్ మీద సిగ్గు పెరిగింది.

మొదట చెప్పుకోవాల్సిన మనిషి రాల్ఫ్ బాగ్నాల్డ్. 1896లో పుట్టాడు, బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు, తర్వాత సిగ్నల్స్ విభాగం. అంటే ఒకరకంగా మన శాఖే. 1926లో ఈజిప్టులో పోస్టింగ్ వచ్చింది. సెలవు దొరికితే చాలు, స్నేహితులతో కలిసి ఫోర్డ్ మోడల్ టీ కార్లేసుకుని ఎడారిలోకి పోయేవాడు. తర్వాత ఇండియాకి బదిలీ అయినా, ఇక్కడినుంచి సెలవు పెట్టి మరీ ఈజిప్టు వెళ్ళి లిబియా ఎడారిలో తిరిగాడు. సొంత డబ్బులే. మనం లాంగ్ వీకెండ్ చూసుకుని గోకర్ణ పోయినట్టు అన్నమాట, కాకపోతే దారి తప్పితే చావే.

ఆయన కారుని ఎలా తయారుచేశాడో చూడండి. మొదట చేసింది ఏదో తగిలించడం కాదు, పీకెయ్యడం. పైన గుడ్డ కప్పు, అద్దం, మడ్‌గార్డులు పీకేసి, వెనక చెక్క పెట్టె బిగించాడు. అసలు మోడల్ టీనే ఎందుకంటే అది సుమారు 540 కిలోల బండి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ లైట్ కార్ పెట్రోల్స్ అవే కార్లతో ఈజిప్టు పడమటి ఎడారిలో తిరిగాయి. బరువు తక్కువైతే ఇసకలో దిగదు, దిగినా నలుగురు తోస్తే లేస్తుంది. ఇదంతా వాళ్ళకి అప్పటికే తెలుసు.

ఇక నీళ్ళ సంగతి. ఆ రోజుల్లో రేడియేటర్ మరిగితే ఆవిరి బయటికి పోయేది, మళ్ళీ నీళ్ళు పొయ్యాలి. ఎడారిలో మనిషి తాగే నీళ్ళు కారు తాగేస్తుంది. వీళ్ళు రేడియేటర్ మూతి బిగించేసి, ఓవర్‌ఫ్లో గొట్టాన్ని పక్కన ఫుట్‌బోర్డు మీద బిగించిన డబ్బాలోకి పెట్టారు. డబ్బాలో సగం నీళ్ళు. ఆవిరి వెళ్ళి ఆ నీళ్ళలో చల్లారి నీరైపోతుంది. డబ్బా కూడా మరిగితే డ్రైవర్ మీద వేడినీళ్ళు చిమ్ముతాయి, అదే అలారం. అప్పుడు బండిని గాలికి ఎదురుగా తిప్పి ఒక్క నిమిషం ఆపితే, ఇంజన్ చల్లబడి లోపల ఖాళీ ఏర్పడి, డబ్బాలో నీళ్ళన్నీ గడగడమని వెనక్కి లాగేసుకుంటుంది. పంపు లేదు, సెన్సర్ లేదు. ఒక గొట్టం, ఒక డబ్బా. మేము 200 లీటర్ల డ్రమ్ము మోస్తే, వాళ్ళు నీళ్ళు పోకుండా చూసుకున్నారు.

ఇసకలో దిగబడితే? కైరోలో పాత ఇనప సామాన్ల కొట్టులో వాళ్ళకి కాలువల్లా వంచిన ఉక్కు పలకలు దొరికాయి, సుమారు 5 అడుగుల పొడవువి. యుద్ధంలో కందకాల పైకప్పులకి చేసినవి. వాటిని వెనక చక్రాల ముందు తోసి, ముందు చక్రాల కింద తాడు నిచ్చెనలు పరిచి బండిని లాగేవారు. ఈరోజు వేలు పోసి కొనే రంగురంగుల ప్లాస్టిక్ పలకలు ఆ కబాడీ సరుకు మనవళ్ళే.

దారికోసం సూర్య దిక్సూచి. కారులో ఇనుము ఉంటుంది కాబట్టి మామూలు దిక్సూచి అబద్ధం చెప్తుంది. ప్రతిసారీ ఆగి, దిగి, దూరంగా నడిచి చూడాలి. అందుకే డ్యాష్‌బోర్డు మీద డిగ్రీలు గీసిన పళ్ళెం, మధ్యలో నిలువుగా ఒక సూది. సూది నీడని బట్టి నడుస్తూనే దిశ చూసుకోవడం. రాత్రి నక్షత్రాలు కొలిచి, రేడియోలో టైము సిగ్నల్ పట్టుకుని, ఎక్కడున్నామో లెక్క కట్టడం. బాగ్నాల్డ్ ఈ ఆలోచనని కనిపెట్టలేదు, తన కార్లకి పనికొచ్చేలా మలిచాడు. అన్నట్టు ఇసక ఎలా కదుల్తుందన్న దాని మీద ఈయన 1941లో రాసిన పుస్తకం ఇప్పటికీ ప్రామాణికం. అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్ చూసిన ఇసక దిబ్బలకి ఈయన పేరే పెట్టారు.

ఇదంతా చదువుతూ ముచ్చటపడిపోతుంటే ఒకచోట ఆగిపోయాను. "ఎవరూ లేని ఎడారి" అని ఈ యాత్రికులు రాస్తారు కానీ, అక్కడ మనుషులున్నారు. 1931 మొదట్లో ఇటలీ సైన్యం కుఫ్రా ఒయాసిస్సుని పట్టుకుంది. అక్కడి జనం పిల్లాజెల్లాతో, ఒంటెల మీదా కాలినడకనా, వందల కిలోమీటర్లు ఇదే ఎడారిలో పారిపోయారు. దాహంతో చాలామంది చచ్చిపోయారు. ఈజిప్టు సర్వే శాఖలో పనిచేసే పాట్రిక్ క్లేటన్ అనే ఆయనకి వాళ్ళు ఎదురుపడితే, సర్వే కార్లతో ఎందరినో కాపాడాడు. ఒకే ఇసక, ఇంచుమించు ఒకే కాలం. ఒకళ్ళకి సాహసం, ఇంకొకళ్ళకి ప్రాణభయం. సాహసయాత్రల పుస్తకాల్లో మొదటిదానికి దొరికే చోటు రెండోదానికి దొరకదు.

ఆ సాహసం కూడా ఎన్నాళ్ళో సరదాగా మిగల్లేదు. 1940 జులైలో బాగ్నాల్డ్ జనరల్ వేవెల్ అనుమతితో లాంగ్ రేంజ్ డెసర్ట్ గ్రూప్ మొదలెట్టాడు. సైన్యం దగ్గర పనికొచ్చే బళ్ళు లేవు. అలెగ్జాండ్రియాలో షెవర్లే డీలర్ దగ్గర 14, ఈజిప్టు సైన్యం దగ్గర 19 ట్రక్కులు సంపాదించాడు. మళ్ళీ అదే వరస: తలుపులు, అద్దాలు పీకెయ్యి, స్ప్రింగు పట్టీలు పెంచు, కండెన్సర్ డబ్బా తగిలించు. మనిషికి రోజుకి 6 పింట్లు, అంటే మూడున్నర లీటర్లలోపు నీళ్ళు. 1942లో వీళ్ళతో కలిసి ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా తిరిగింది, మన అశ్విక దళాల నుంచి వచ్చిన జాట్, రాజపుత్ర, సిక్కు, ముస్లిం సైనికులతో.

ఇంత తెలివి ఉన్నా వాళ్ళని ఏడిపించింది ఒకటే, పెట్రోలు డబ్బా. బ్రిటిష్ వాళ్ళది 4 గ్యాలన్ల పల్చటి రేకు డబ్బా. మన ఊళ్ళలో ఒకప్పటి కిరసనాయిలు డబ్బా తెలుసుగా, అదే రకం. దాన్ని వాళ్ళు 'ఫ్లిమ్సీ' అనేవారు, అంటే బలహీనమైనది అని. గతుకుల్లో అతుకులు ఊడి కారిపోయేది. డిపో నుంచి బండి చేరేసరికి దాదాపు మూడో వంతు పెట్రోలు ఇసకపాలయ్యేదని జనరల్ ఆకిన్‌లెక్ అంచనా. ఒకసారి ఆలోచించండి, ఓడల్లో ప్రాణాలొడ్డి తెచ్చిన పెట్రోలు.

జర్మన్ల దగ్గర అప్పటికే దీనికి జవాబుంది. 1937లో తయారైన 20 లీటర్ల డబ్బా. రెండు సగాలు నొక్కి చేసి, అతుకు దెబ్బ తగలకుండా లోపలికి ఉండేలా వెల్డింగ్. మూత స్క్రూ కాదు, చేత్తో ఎత్తే లీవర్. పోసేటప్పుడు గ్లగ్ గ్లగ్ అనకుండా గాలికి వేరే గొట్టం. పైన కాస్త ఖాళీ, దానివల్ల నిండు డబ్బా కూడా నీళ్ళలో తేలుతుంది. మూడు పిడులు ఎందుకనుకున్నారు? నిండుదాన్ని ఇద్దరు చెరో పిడీ పట్టుకోవచ్చు, వరసలో నిలబడి చేతులు మార్చుకోవచ్చు, ఖాళీవైతే ఒక్క చేత్తో రెండు మోయొచ్చు. వాడేవాడిని చూసి గీసిన డిజైన్.

ఈ డబ్బా అమెరికా చేరిన కథలో మన దేశం కూడా ఉంది. పాల్ ప్లీస్ అని ఒక అమెరికన్ ఇంజనీరు, బెర్లిన్‌లో పనిచేసేవాడు. 1939 వేసవిలో ఒక జర్మన్ సహోద్యోగితో కలిసి రోడ్డు మీద ఇండియా దాకా వెళ్దామని బండి కట్టించాడు. అంతా అయ్యాక చూసుకుంటే నీళ్ళు పెట్టుకోవడానికి ఏమీ లేదు! (మేమొక్కళ్ళమే కాదన్నమాట.) ఆ జర్మన్ టెంపుల్‌హాఫ్ విమానాశ్రయంలో దాచి ఉంచిన డబ్బాల్లోంచి మూడు పట్టుకొచ్చాడు. 11 దేశాలు దాటారు. ఈలోగా గోరింగ్ విమానం పంపి ఆ జర్మన్‌ని వెనక్కి పిలిపించుకున్నాడట. వెళ్ళేముందు అతను ఆ డబ్బా కొలతలన్నీ ప్లీస్‌కి చెప్పేశాడు. ప్లీస్ ఒక్కడే కలకత్తా చేరి, బండిని అక్కడ పెట్టి, అమెరికా వెళ్ళి సైన్యానికి చెప్పాడు. నమూనా లేకపోతే వినం అన్నారు. 1940లో బండి, దాంతో డబ్బాలూ ఓడలో చేరాయి. వాషింగ్టన్ వాళ్ళు చూసి, మాకు పాతవే చాలన్నారు. క్యాంప్ హోలాబర్డ్‌లో సైన్యం ఇంజనీర్లు మాత్రం తీసుకుని 'మెరుగుపరిచారు'. ఆకారం, సైజు, పిడులు ఉంచి, లోపలి అతుకు తీసేసి మడత అతుకు పెట్టారు, లీవర్ తీసేసి స్క్రూ మూత పెట్టారు. దాంతో మూత తియ్యడానికి రెంచి, పొయ్యడానికి గరాటు కావాల్సొచ్చింది. ఏపీఐ అచ్చంగా ఉంచి లోపల కోడంతా మార్చేసిన ఫోర్కులు మనం ఎన్ని చూళ్ళేదు? బ్రిటిష్ వాళ్ళు నయం, ఆఫ్రికాలో జర్మన్ల దగ్గర పట్టుకున్నదాన్ని ఉన్నదున్నట్టు కాపీ కొట్టారు. జర్మన్లని 'జెర్రీ'లనేవారు కాబట్టి జెర్రీక్యాన్ అయింది.

అదే హోలాబర్డ్‌లో 1940 సెప్టెంబర్‌లో బాంటమ్ అనే చిన్న కంపెనీ మొదటి జీపు నమూనా అప్పగించింది. కానీ పెద్ద ఆర్డర్లు విల్లీస్, ఫోర్డ్ పట్టుకుపోయాయి. బాంటమ్‌కి మిగిలింది ట్రైలర్లు. జీపు కనిపెట్టినవాడు జీపు వెనక తోక చేసుకుంటూ బతకాల్సొచ్చింది, నాకైతే పాపం అనిపించింది. కానీ ఆ తోక ఉందే, ఎంత బాగా చేశారో! ఉక్కు తొట్టి, పడవలా నీళ్ళలో తేలుతుంది. అడుగున నీళ్ళు పోయే బిరడాలు. ఖాళీ బరువు సుమారు 250 కిలోలు, గతుకుల్లో 500 పౌన్లకి మించి వెయ్యొద్దని లెక్క. చక్రాల మధ్య దూరం జీపుదే, కాబట్టి జీపు గాడిలోనే నడుస్తుంది. చక్రాలూ జీపువే. ఒక్క స్టెప్నీ ఆరు చక్రాలకీ పనికొస్తుంది.

ఆ వాక్యం దగ్గర లాప్‌టాప్ మూసేసి శీనుగాడికి ఫోన్ చేశాను. యుద్ధం అయ్యాక 1947లో మహీంద్రా బొంబాయిలో బిగించడం మొదలెట్టింది ఆ విల్లీస్ జీపులనే. మా థార్‌ది ఆ వంశమే. 80 ఏళ్ళ క్రితం తాతకి ఇచ్చిన పరిష్కారాన్ని మనవడి వెనక నేను విప్పి పారేశాను.

ఇప్పుడు ట్రైలర్‌కి కొత్త ఇరుసు వేయించాం, థార్ హబ్బులు, థార్ చక్రాలు. డ్రమ్ము పోయి నాలుగు 20 లీటర్ల క్యాన్లు వచ్చాయి, రెండోసారి వెళ్ళే ముగ్గురికి నాలుగు రోజులకి అదే ఎక్కువ. ఫ్రిజ్ ప్రసాద్ వాళ్ళింట్లో ఉంది, వాళ్ళావిడ పూలు పెట్టుకుంటోంది. మొన్న ఆదివారం లారీల కాటా మీదకెక్కించి తూయించాం. జనవరిలో ఎంతుండేదో భగవంతుడికే తెలియాలి గానీ, ఇప్పుడు సామానుతో కలిపి 430 కిలోలు. కాటా కుర్రాడు "ఖాళీయా అన్నా?" అన్నాడు.

షవర్ పంపు సంగతి మాత్రం తేలలేదు. రెండు కిలోలేరా అంటాడు శీనుగాడు.