కోరిక కొండకు, అలవాటు కాణిపాకానికి

చిత్తూరులో ఎకనామిక్స్ చెప్పినన్నాళ్లూ మొదటి పాఠం ఒకటే. కోరిక ఉంటే చాలదు, కొనే శక్తి కూడా ఉంటేనే అది డిమాండు. చేతిలో కాసు లేనివాడి కోరిక మా శాస్త్రానికి కనబడదు. పిలకాయలు బుద్ధిగా రాసుకునేవాళ్లు. పరీక్షల ఫలితాలొచ్చాక వాళ్లే నున్నటి గుండ్లతో ఎదురయ్యేవాళ్లు. పాసు కావాలన్న కోరికకు రూపాయి ఖర్చు లేకుండా వెల కట్టి వచ్చారన్నమాట!

తిరుమల కొండ లెక్క వేరు. ఉన్నవాడు ఒంటిమీది నగలన్నీ ఒలిచి నిలువుదోపిడీ ఇస్తాడు. లేనివాడు కల్యాణకట్టలో కూర్చుని తలనీలాలు ఇస్తాడు. ఏ తలమీద వెంట్రుకలైనా మళ్లీ మొలుస్తాయి కాబట్టి పేదవాడి కోరికకూ చెల్లే నాణెం ఒకటి దొరికింది. పైగా చాలా మొక్కులకు ముందు పని జరగాలి, తర్వాతే చెల్లింపు. పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పుచేసి ఇంకా వడ్డీ కడుతున్నాడని చెప్పుకునే దేవుడి దగ్గర అరువు బేరం నడవడంలో వింతేముంది? పసుపుగుడ్డలో ముడుపు కట్టి మరిచిపోతే వడ్డీతో సహా వసూలు చేస్తాడని మా అవ్వ బెదిరించేది.

ఈ రాబడి మీద రాజ్యాలకు ఎప్పుడూ కన్నుండేది. ఆర్కాటు నవాబు తర్వాత 1801లో గుడి పెత్తనం ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం కాబట్టి భక్తుల మొక్కులు ఇక్కడి కచేరీ దస్త్రాల్లో ఆదాయం పద్దుకింద చేరాయి. గుడి నడిపే తీరుకు 1821లో బ్రూస్ కోడ్ అని నిబంధనలు కూడా రాశారు. క్రైస్తవ ప్రభుత్వానికి విగ్రహాల గుడితో పనేమిటని ఇంగ్లండులో గోల లేచింది. 1843లో హాథీరాంజీ మఠం మహంతుకు అప్పగించి తప్పుకున్నారు.

అందరూ ఇష్టపడి జుట్టిచ్చే ఈ సీమలోనే, బలవంతంగా తీయిస్తామంటే ఒప్పుకోని మనిషి తరిగొండ వెంగమాంబ (1730–1817). చిన్నతనంలోనే భర్త పోయినా ఆమె శిరోముండనానికి తల వంచలేదని చెప్పుకుంటారు. ఆమె ద్విపదలో రాసిన వాసిష్ఠ రామాయణం అడిగేది కోరిక తీరిందా అని కాదు, అది పుట్టిందెక్కడ అని. జన్మజన్మలుగా మనసుకు పట్టిన వాసనలే మనిషిని ఒకే వైపు లాగుతుంటాయని వేదాంతం చెబుతుంది. ఒక కోరిక తీరితే ఇంకొకటి మొలుస్తుంది, గుండుమీద జుట్టులాగే. తీర్చుకునే మొక్కు ఆ లాగుడును ఆపలేదు.

తీరే కోరికకూ లాగే అలవాటుకూ ఉన్న ఈ తేడా మా జనానికి ఏ గ్రంథమూ చదవకుండానే తెలుసు. కావలసినదాన్ని అడగడానికి కొండెక్కుతారు, వదలాల్సినదాన్ని వదలడానికి కాణిపాకం పోతారు. బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం చెబితే ఊరుకోడని నమ్మకం. ఊరి తగాదాలు ఆ ప్రమాణంతో తెగిపోయేవి. తాగుడు మానేస్తానని ఒట్టు పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. పక్కనే పారే బాహుదా నది కథ కూడా ఇట్లాంటిదే. ఆకలికి ఆగలేక అన్న తోటలో అడక్కుండా పండు తిన్న లిఖితుడికి రాజు చేతులు నరికించాడు, ఆ నదిలో మునిగితే తిరిగొచ్చాయట. మామిడితోటల జిల్లాలో ఆ శిక్ష అమలైతే చేతులు మిగిలేవాళ్లు తక్కువే!

ఒట్టుకు బలముంది. పదిమంది చూస్తుండగా అన్న మాట కాబట్టి ఇల్లూ ఊరూ కాపలా కాస్తాయి. నాకు దేవుడి భయంకన్నా ఆ కాపలామీదే నమ్మకమెక్కువ. వైద్యశాస్త్రం మాత్రం తాగుడును జబ్బంటుంది. ఏళ్లతరబడి బాగా తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకొచ్చు, ఫిట్స్ రావొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా కాణిపాకంలో ప్రమాణం చేయబోతుంటే వద్దనకండి. ముందు డాక్టరుకు చూపించి తీసుకెళ్లండి.